అన్నీ యాప్‌లోనే అయిపోతుంటే బ్యాంకు కౌంటర్‌లో మనిషి ఇంకా ఎందుకు?

ప్రశ్న అడిగిన అమ్మాయి జాతీయ బ్యాంకులో క్లర్కుగా చేరి ఏడాది కావస్తోందట. మండల కేంద్రంలో శాఖ. పాస్‌బుక్ మెషిన్ వేస్తోంది, డబ్బులు ఫోన్‌లో వెళ్తున్నాయి, చిన్న లోన్లు కంప్యూటరే మంజూరు చేస్తోంది. ఖాతాదారులతో మాట్లాడుతూ కూర్చోవడం టైమ్ వేస్ట్ అని సీనియర్ ఒకరు అన్నారట. ఈ ఉద్యోగంలో మనిషికి మనిషి అవసరం నిజంగా ఉందా, లేక డేటా అనలిటిక్స్ కోర్సు చేసి వేరే దారి చూసుకోవాలా అన్నది ఆమె సందేహం.

అమ్మా, ముందు సూటిగా జవాబు చెప్తాను. అవసరం ఉంది. కోర్సు కూడా చేయండి, తప్పకుండా చేయండి. కౌంటర్ నుంచి తప్పించుకోవడానికి మాత్రం చేయకండి.

బ్యాంకులో మనిషి ఎందుకు ఉండాలని అడిగితే ట్రైనింగుల్లో చిరునవ్వు, పలకరింపు అని చెప్తారు. అవి మంచివే. నా అనుభవంలో అసలు కారణం వేరే ఉంది. మనుషులు చెడ్డ కబురును తెలిసిన ముఖానికే ముందుగా చెప్తారు. పంట పోయిందని, ఇంటాయన చనిపోయాడని, దుబాయ్‌లో కొడుక్కి పని పోయిందని, ఎవరో ఫోన్‌లో బెదిరిస్తున్నారని. వీటిలో ఒక్కటీ కంప్యూటర్‌కు టైముకి చేరదు. చేరేసరికి నష్టం జరిగిపోయి ఉంటుంది. ఆ కబురు ముందే మన చెవిన పడితే చేయగలిగింది చాలా ఉంటుంది.

నేను 1980ల మధ్యలో క్లర్కుగా చేరాను. నిజామాబాద్, జగిత్యాల వైపు ఎక్కువ కాలం, మధ్యలో కృష్ణా డెల్టాలో కొంతకాలం పనిచేసి చీఫ్ మేనేజర్‌గా రిటైరయ్యాను. ఇత్తడి టోకెన్లు, రెండు చేతులతో ఎత్తాల్సిన లెడ్జర్లు, సాయంత్రం ఏడైనా టాలీ కాని పుస్తకాలు నాకు తెలుసు. కంప్యూటర్ వస్తే ఉద్యోగాలు పోతాయని యూనియన్లు కొట్లాడిన రోజులూ తెలుసు. 2000-01లో వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) తీసుకుని వెళ్లిపోయిన స్నేహితులున్నారు. అందుకే మీ టెన్షన్ నాకు కొత్తగా అనిపించలేదు, చిన్నదిగానూ అనిపించలేదు.

మెషిన్ చేసిన మేలు ముందు ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో కౌంటర్‌లో మనిషి ఉన్నాడు కాబట్టి అందరికీ ఒకే మర్యాద దొరికిందని అనుకోకండి. ఊరి పెద్ద నేరుగా మేనేజర్ గదిలోకి వచ్చి కూర్చునేవాడు, ఆయన చెక్కు ముందు పాసయ్యేది. వాడ నుంచి కూలి డబ్బు కోసం వచ్చిన మనిషి తలుపు పక్కన నిలబడి పిలుపు కోసం చూసేవాడు. ఏటీఎం ఎవరి కులమూ అడగలేదు, ఎవరినీ పక్కన నిలబెట్టలేదు. యూపీఐ 2016లో మొదలై, 2023 ఆగస్టుకల్లా నెలకు 1,000 కోట్ల లావాదేవీలు దాటింది. అంత వేగంగా పాకడానికి సౌకర్యంతో పాటు ఈ స్వేచ్ఛ కూడా ఒక కారణమని నా నమ్మకం. ఎవరి మొహమాటమూ లేకుండా, ఎవరినీ బతిమాలకుండా తన డబ్బు తను వాడుకోగలగడం చిన్న విషయం కాదు.

కాబట్టి బ్యాలెన్స్ చెప్పడానికీ, పాస్‌బుక్ వేయడానికీ, డబ్బు పంపడానికీ మనిషి కావాలని నేను అనను. వాటిని మెషిన్‌కే వదిలేయండి. అలా మిగిలిన టైమును ఎక్కడ పెట్టాలో చెప్తాను.

436 రూపాయల సంగతి

ఏటా మే నెలాఖరులో మీ శాఖలో ఎన్నో ఖాతాల నుంచి 436 రూపాయలు, 20 రూపాయలు కట్ అవుతుంటాయి. మొదటిది ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమా, రెండోది సురక్షా బీమా. 2015లో మొదలైనప్పుడు ఇవి 330, 12 రూపాయలు. 2022 జూన్ నుంచి పెరిగాయి. జీవన జ్యోతిలో ఏ కారణంతో చనిపోయినా నామినీకి 2 లక్షలు వస్తాయి. కొత్తగా చేరిన మొదటి 30 రోజుల్లో మాత్రం ప్రమాద మరణానికే వర్తిస్తుంది. సురక్షాలో ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు.

డబ్బు కట్ చేయడం సిస్టమ్‌కు బాగా వచ్చు. ఖాతాదారుడు చనిపోయిన సంగతి మాత్రం ఎవరో ఒకరు చెప్తే తప్ప దానికి తెలియదు. ఖాతాలో డబ్బుంటే వచ్చే ఏడాది కూడా అలాగే కట్ చేసుకుపోతుంది. ఇంట్లో వాళ్లకు ఆ బీమా ఉందనే తెలియదు. ఎందుకంటే ఏదో ఒక రోజు, ఏదో ఒక క్యాంపులో, ఆయనతో ఒక ఫారం మీద సంతకం పెట్టించి ఉంటారు. ఆయన ఇంటికెళ్లి చెప్పి ఉండడు.

జగిత్యాల వైపు ఒక శాఖలో ఉన్నప్పుడు ఒకామె తన భర్త ఖాతాలో మిగిలిన మూడు వేల చిల్లర తీసుకోవడానికి వచ్చింది. మరణ ధ్రువీకరణ పత్రం, ఆధార్ అన్నీ తెచ్చుకుంది. మా కౌంటర్‌లో ఉన్న అమ్మాయి ఫారం నింపుతూ "ఎట్ల పోయిండమ్మా?" అని అడిగింది. ఆ ఫారంలో అలాంటి గడి లేదు. ఆయన గీత కార్మికుడనీ, తాటిచెట్టు మీద నుంచి పడ్డాడనీ, ఆసుపత్రికి తీసుకుపోయాక పోయాడనీ ఆమె చెప్పింది. స్టేట్‌మెంట్ తీస్తే రెండు బీమాలూ కట్ అయి ఉన్నాయి. చెట్టు మీద నుంచి పడటం, పాము కాటు లాంటి వాటికి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లిన రికార్డు ఆధారంగా ఉండాలి. అది ఆమె దగ్గర ఉంది. రెండు క్లెయిములూ పంపాం. మూడు వేల కోసం వచ్చిన ఇల్లాలికి నాలుగు లక్షలు వచ్చాయి, ఇద్దరు పిల్లల చదువు ఆగలేదు.

ఆ అమ్మాయికి ఆ ప్రశ్న అడగడానికి పట్టింది ఒక్క క్షణం. మీ సీనియర్ టైమ్ వేస్ట్ అన్నప్పుడు ఈ లెక్క ఆయనకు చెప్పండి.

ఇదే వరసలో ఇంకో మాట. జన్‌ధన్ ఖాతాలకు ఇచ్చిన రూపే కార్డుకు కూడా ప్రమాద బీమా ఉంటుంది. ప్రమాదానికి ముందు 90 రోజుల్లో ఒకసారైనా కార్డు వాడి ఉండాలన్న షరతు దానికి ఉంది. చాలామంది ఆడవాళ్లు ఆ కార్డును భద్రంగా బీరువాలో దాచిపెడతారు. అప్పుడప్పుడు వాడమ్మా అని కౌంటర్‌లో మీరు చెప్పకపోతే చెప్పేవాళ్లు లేరు. మెసేజ్ పంపినా ఆ ఫోన్ కొడుకు చేతిలో ఉంటుంది.

వాయిదా తేదీకి ముందే తెలియాల్సిన మాట

పంట రుణం సంగతి మీకు తెలిసిందే. 3 లక్షల వరకు 7 శాతం వడ్డీ, గడువులోపు కడితే కేంద్రం 3 శాతం రాయితీ ఇస్తుంది, రైతుకు 4 శాతమే పడుతుంది. గడువు దాటితే ఆ 3 శాతం పోతుంది. 2 లక్షల రుణానికి ఏడాదికి 6,000 రూపాయలు. రైతు ఇంట్లో అది ఒక దఫా ఎరువుల ఖర్చు. సిస్టమ్ మెసేజ్ పంపుతుంది, చాలాసార్లు ఇంగ్లిష్‌లో. గడువుకు పది పదిహేను రోజుల ముందు ఊరివారీ లిస్టు తీసి, ఆ ఊరి నుంచి ఎవరు వచ్చినా "ఫలానా ఆయనకు చెప్పండి, తేదీ దగ్గర పడింది" అని కబురు పంపే అలవాటు మా శాఖలో ఉండేది. ఖాతా వివరాలు చెప్పేవాళ్లం కాదు, బ్యాంకుకు ఒకసారి రమ్మన్నారని మాత్రమే. ఆ కబురుకు రైతులు వచ్చేవారు.

అసలు కష్టం కట్టలేని రైతు దగ్గర వస్తుంది. పంటతో సంబంధం లేని టర్మ్ లోనులో, అంటే ఏళ్ల తరబడి వాయిదాల్లో కట్టే లోనులో, బకాయి పడిన మర్నాటి నుంచి కంప్యూటర్ లెక్క మొదలుపెడుతుంది. 30 రోజుల వరకు ఎస్‌ఎంఏ-0, 60 వరకు ఎస్‌ఎంఏ-1, 90 వరకు ఎస్‌ఎంఏ-2 (ఇవి ముందస్తు హెచ్చరిక మెట్లు), ఆ పైన ఎన్‌పీఏ, అంటే మొండి బకాయి. స్వల్పకాలిక పంటలు వేసే రైతు పంట రుణానికీ, ట్రాక్టర్ లోనుకూ అయితే వాయిదా తప్పాక రెండు పంట కాలాలు గడిస్తే ఎన్‌పీఏ. ఈ లెక్క చాలా కచ్చితంగా ఉంటుంది. కానీ మొదలయ్యేది వాయిదా తప్పిన తర్వాతే. బోరు ఎండిపోయిన రోజున రైతుకు తెలుసు తను కట్టలేనని. ఆ రోజుకీ, మన స్క్రీన్ మీద పేరు ఎర్రగా కనిపించే రోజుకీ మధ్య నాలుగైదు నెలలు ఉంటాయి. మన పని అంతా ఆ నాలుగైదు నెలల్లోనే ఉంది.

ముందే చెప్పిన రైతుకు దారులుంటాయి. వాయిదాలు పంట చేతికొచ్చే నెలకు మార్చమని ప్రతిపాదన పంపవచ్చు. వైపరీత్యం ప్రకటించిన ప్రాంతంలో పంట 33 శాతం లేదా అంతకు మించి పోతే స్వల్పకాలిక రుణాన్ని టర్మ్ లోనుగా మార్చే వీలు రిజర్వ్ బ్యాంకు నిబంధనల్లో ఉంది. దానికీ ఒక గడువు ఉంటుంది కాబట్టి ఆలస్యంగా వస్తే ఉపయోగం లేదు. ట్రాక్టర్ తనే మంచి ధరకు అమ్ముకుని లోను తీర్చేయవచ్చు, మనం జప్తు చేసి వేలం వేస్తే సగం కూడా రాదు. ఎన్‌పీఏ అయ్యాక వచ్చిన రైతుకు ఈ దారులు దాదాపు మూసుకుపోతాయి. సిబిల్ స్కోరు పడిపోతుంది. తర్వాతెప్పుడో కూతురి ఎడ్యుకేషన్ లోనుకు తండ్రిగా సంతకం పెట్టాల్సి వచ్చినప్పుడు ఈ బకాయే అడ్డం వస్తుంది.

మరి అంత ముందుగా వచ్చి ఎందుకు చెప్తాడు? అప్పు ఇచ్చినవాడి ముందు చేతులెత్తేయడం ఎవరికైనా సిగ్గే. మూడు నెలల కింద పాస్‌బుక్ కోసం వచ్చినప్పుడు మీరు "పసుపు ఎట్లుంది, మార్కెట్‌లో ఏం ధర పలుకుతోంది?" అని అడిగి ఉంటే, ఆయన మీకు కష్టం చెప్పుకోగలడు. అడగకపోతే చెప్పడు. ఆర్మూరు వైపు మా శాఖకు బిహార్ నుంచి ఒక యువ అధికారి వచ్చాడు. తెలుగు అసలు రాదు. మొదటి నెలలోనే పంట గురించి, ఇంటి గురించి అడగడానికి కావలసిన నాలుగు మాటలు నేర్చుకున్నాడు. వచ్చే జవాబులో సగం అర్థమయ్యేది కాదు, పక్కవాళ్లను అడిగి తెలుసుకునేవాడు. ఏడాది తిరిగేసరికి రైతులు తెలుగువాళ్లమైన మమ్మల్ని దాటుకుని ఆయన బల్ల దగ్గరికి వెళ్లేవారు. బకాయిలు తక్కువున్న ఊళ్లు కూడా ఆయన చూసుకునే ఊళ్లే.

ఎఫ్‌డీలన్నీ ఒక్కసారే తీసేస్తున్న పెద్దాయన

ఇది మీ తరం క్లర్కులకు అన్నిటికంటే ముఖ్యమైన పని అనుకుంటున్నాను. డిజిటల్ అరెస్ట్ పేరుతో జరుగుతున్న మోసాలు మీరు వినే ఉంటారు. పోలీసులమనీ, సీబీఐ అనీ వీడియో కాల్ చేసి, మీ పేరుతో డ్రగ్స్ పార్శిల్ దొరికిందని బెదిరించి, గంటల తరబడి కెమెరా ముందు కూర్చోబెట్టి డబ్బు పంపించుకుంటారు. మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు. 2024 అక్టోబరులో ప్రధాని మన్ కీ బాత్‌లో దీని గురించి హెచ్చరించారు. అయినా రిటైరైన టీచర్లు, డాక్టర్లు కూడా పడిపోతున్నారు.

సిస్టమ్ వైపు నుంచి ఆలోచించండి. ఖాతాదారుడు స్వయంగా వచ్చాడు, సంతకం సరిపోయింది, ఎఫ్‌డీ ఆయనదే, పెద్ద మొత్తం పంపే ఆర్‌టీజీఎస్ ఫారం సక్రమంగా ఉంది. అందులో తప్పేమీ లేదు. తప్పు ఆయన ముఖంలో ఉంది. నేను చూసినవీ, తోటివాళ్లు చెప్పినవీ కలిపి చెప్తాను:

ఎప్పుడూ రెన్యువల్ చేసుకునే మనిషి, గడువు రాకుండానే, నష్టమైనా సరేనని ఎఫ్‌డీలన్నీ తీసేయమంటాడు. డబ్బు ఎక్కడో వేరే రాష్ట్రంలోని, ఇంతవరకు ఎప్పుడూ పంపని ఖాతాకు వెళ్లాలంటాడు. ఎందుకని అడిగితే ఒకసారి ఇల్లు కొంటున్నానని, ఇంకోసారి పెళ్లి ఖర్చని అంటాడు. ఫోన్ చేతిలోంచి కింద పెట్టడు, స్క్రీన్ మాటిమాటికీ చూస్తుంటాడు. ఇంట్లో వాళ్లకు చెప్పారా అంటే చిరాకు పడతాడు. రోజూ మిమ్మల్ని పేరు పెట్టి పలకరించే మనిషి ఆ రోజు కళ్లలోకి చూడడు.

చివరి గుర్తు పట్టాలంటే ఆ మనిషి మామూలు రోజున ఎలా ఉంటాడో మీకు తెలిసి ఉండాలి.

అప్పుడేం చేయాలి? కౌంటర్ దగ్గర నలుగురిలో ప్రశ్నలు వేయకండి, భయంలో ఉన్న మనిషికి అవమానం కూడా తోడవుతుంది. మేనేజర్ గదిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టండి, మంచినీళ్లు ఇవ్వండి. ఫోన్ కాసేపు ఆఫ్ చేయమని అడగండి. "ఎవరైనా ఫోన్‌లో భయపెడుతున్నారా సార్? పోలీసులెవరూ వీడియో కాల్‌లో డబ్బు అడగరు" అని మెల్లగా చెప్పండి. ఇంట్లో ఒకరితో మాట్లాడించండి. అనుమానం బలంగా ఉంటే మేనేజర్ ద్వారా సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి. డబ్బు అప్పటికే వెళ్లిపోయినా 1930కి ఎంత త్వరగా చెప్తే అంత మంచిది, అవతలి ఖాతాలో డబ్బు ఉండగానే ఆపగలిగే అవకాశం ఉంటుంది. 2024లో హైదరాబాద్‌లో ఒక శాఖ సిబ్బంది ఇలాగే పట్టుబట్టి ప్రశ్నించి ఒక పెద్దాయన డబ్బు కాపాడారని పత్రికల్లో వచ్చింది. ఆ వార్త చదివి నేను చాలా సంతోషపడ్డాను. కాపాడినవాళ్లు మీలాగే కౌంటర్‌లో కూర్చునేవాళ్లు.

వేలిముద్ర పడని చేతులు

బీడీలు చుట్టే ఆడవాళ్లు మా వైపు చాలామంది. ఏళ్ల తరబడి ఆకు మలిచి మలిచి వేళ్ల గీతలు అరిగిపోతాయి. ఊళ్లో బ్యాంకు తరఫున డబ్బు ఇచ్చే బ్యాంకు మిత్ర దగ్గర మెషిన్ మీద పదిసార్లు వేలు పెట్టినా పడదు. "నీ వేలిముద్ర వస్తలేదు" అంటే, తన డబ్బు తనకు రాదేమోనని ఆ ముసలామె బెదిరిపోతుంది. ఇలాంటివాళ్లను వెనక్కి పంపకండి. ఫొటో ఉన్న పాస్‌బుక్ తీసుకుని శాఖకు వస్తే విత్‌డ్రాయల్ ఫారం మీద ఇవ్వవచ్చు. పింఛనుదారుల జీవన ప్రమాణ పత్రానికైతే ఇప్పుడు ముఖం చూసి గుర్తించే యాప్ కూడా ఉంది, వేలుతో పనిలేదు.

ఇక్కడ రిజర్వ్ బ్యాంకు నిబంధన ఒకటి గుర్తు చేస్తాను. జబ్బుపడి సంతకం చేయలేని ఖాతాదారుడు వేలిముద్రతో డబ్బు తీసుకోవాలంటే, ఆ ముద్రను బ్యాంకుకు తెలిసిన ఇద్దరు సాక్షులు గుర్తించాలి, వారిలో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి అయి ఉండాలి. చూశారా, అన్ని ఆధారాలూ ఆగిపోయిన చోట మన నిబంధనల పుస్తకమే "తెలిసిన మనిషి" మీద ఆధారపడింది. ఊళ్లో ఎవరూ తెలియని శాఖ ఈ నిబంధనను ఎలా అమలు చేస్తుంది? 70 ఏళ్లు దాటినవాళ్లకు ఇంటి దగ్గరే సేవలు అందించాలని కూడా 2017లో ఆదేశం వచ్చింది. ఏ ఇంట్లో ఎవరు మంచాన పడ్డారో తెలిసిన శాఖలోనే అది సరిగా నడుస్తుంది.

ఇప్పుడు జాగ్రత్తలు. ఇవి చెప్పకపోతే పైన రాసినదంతా ప్రమాదకరమైన సలహా అవుతుంది.

మీ మీద ఉన్న నమ్మకాన్ని అమ్మకండి. మీరు ఊళ్లో నలుగురికీ తెలిసిన ముఖం అయ్యారని పైవాళ్లకు తెలియగానే ఇన్సూరెన్స్ టార్గెట్ మీ బల్ల మీదకి వస్తుంది. ఎఫ్‌డీ రెన్యువల్‌కు వచ్చిన రైతుతో, ఇది కూడా ఎఫ్‌డీ లాంటిదేనని చెప్పి ఏటేటా ప్రీమియం కట్టాల్సిన పాలసీ మీద సంతకం పెట్టించడం నేను కళ్లారా చూశాను. రెండో ఏడాది ప్రీమియం కట్టలేక, కట్టింది వెనక్కి రాక, ఆ మనిషి కౌంటర్ ముందు నిలబడి ఏడుస్తుంటే చూడటం చాలా కష్టం. ఆయన చదివి సంతకం పెట్టలేదు, మన ముఖం చూసి పెట్టాడు. అంతకంటే పెద్ద ద్రోహం మన వృత్తిలో నాకు కనిపించదు. పాలసీ నిజంగా అవసరమైన మనిషికి అన్నీ వివరించి అమ్మండి. ఇది ఎఫ్‌డీ కాదని నోటితో స్పష్టంగా చెప్పండి. టార్గెట్ తగ్గితే ఒక సమీక్షలో మాట పడతారు, అంతే.

తెలిసినవాడే కదా అని నిబంధన సడలించకండి. బ్యాంకుల్లో జరిగిన మోసాలు చాలావరకు ఆ మాటతోనే మొదలయ్యాయి. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టించి దగ్గర ఉంచుకోవడం, ఖాతాదారు ఫోన్ తీసుకుని ఓటీపీ కొట్టడం, పిన్ నంబరు చీటీ మీద రాసి ఇస్తే తీసుకోవడం, భార్య డబ్బు భర్తకు ఇచ్చేయడం. చివరిది ముఖ్యంగా గుర్తుంచుకోండి. గల్ఫ్ నుంచి మగవాళ్లు పంపే డబ్బు, డ్వాక్రా సంఘాల డబ్బు ఆడవాళ్ల ఖాతాల్లో ఉంటుంది. "నా భార్యదే, నాకివ్వండి" అని వచ్చే మనిషి మీకు ఎంత తెలిసినవాడైనా ఖాతా ఎవరిదో వాళ్లకే ఇవ్వాలి. దగ్గరితనం వినడానికి వాడండి, విన్న తర్వాత పని నిబంధన ప్రకారం చేయండి.

అందరినీ ఒకేలా పలకరించండి. మనకు సహజంగా మన కులం, మన ఊరు, మన యాస వాళ్లతో మాట కలుస్తుంది. అది పట్టించుకోకుండా వదిలేస్తే పాత రోజుల కౌంటర్ మళ్లీ తయారవుతుంది. ఎవరు మీ దగ్గరికి వచ్చి ఏమీ చెప్పకుండా వెళ్తున్నారో గమనించండి. ముందుగా మాట కలపాల్సింది వాళ్లతోనే.

ఇక టైము. మీ సీనియర్ మాటలో నిజం లేకపోలేదు. నెల మొదటి వారంలో పింఛన్ల రోజున అరవై మంది క్యూలో ఉంటే కబుర్లు చెప్పడం వెనకవాళ్లకు అన్యాయం. ఆ రోజుల్లో పేరు పెట్టి పిలిచి పని చేసి పంపండి, చాలు. నెల మధ్యలో, మధ్యాహ్నం మూడు తర్వాత, శాఖ ఖాళీగా ఉన్నప్పుడు ఒక్కొక్కరితో ఒక అదనపు ప్రశ్న. ఒక్కటే. ఫారంలో లేని ప్రశ్న. రైతునైతే పంట గురించి, ఒంటరిగా వచ్చిన పెద్దావిడనైతే ఇంటి దగ్గర ఎవరుంటారని, గల్ఫ్ కుటుంబమైతే ఆయన ఎప్పుడొస్తున్నాడని. ఆరా తీస్తున్నట్టు అడిగితే జనం మూసుకుపోతారు, జవాబు వినే ఓపిక ఉంటేనే అడగండి. విన్నదాంట్లో పనికి సంబంధించింది ఒక డైరీలో రాసుకోండి. గడువు తేదీలు, ఊరి పేర్లు, ఏ సంఘానికి బుక్ కీపర్ ఎవరు, ఇలాంటివి. ఇంటి గొడవలు, జబ్బులు రాయకండి, అవి మీ దగ్గర దాచుకోవడానికి చెప్పిన మాటలు. మూడేళ్లకు బదిలీ వస్తుంది కాబట్టి, కొత్తగా వచ్చినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఊళ్ల గురించి చెప్పి వెళ్లండి. ఏ హ్యాండోవర్ రిజిస్టర్‌లోనూ ఇది ఉండదు.

పక్క కౌంటర్‌లో ఉన్నవాళ్ల సంగతి కూడా ఇంతే. ఇప్పుడు అన్నీ వాట్సాప్ గ్రూపుల్లో, వీడియో మీటింగుల్లో నడుస్తున్నాయి. టార్గెట్ ఒత్తిడిలో నలిగిపోతున్న తోటి ఉద్యోగి గ్రూపులో "ఓకే సార్" అనే పెడతాడు. కలిసి టీ తాగే అలవాటు ఉన్న శాఖలో ఎవరో ఒకరు అతని చేతులు వణకడం చూస్తారు.

ఉద్యోగ భవిష్యత్తు గురించి ఉన్నది ఉన్నట్టు చెప్తాను. నగదు లెక్కపెట్టి ఇచ్చే పని, డేటా కొట్టే పని తగ్గిపోతాయి, అందులో అనుమానం లేదు. అది మాత్రమే తెలిసినవాళ్లకు కష్టమే. అందుకే బ్యాంకు ఉద్యోగులు రాసే జేఏఐఐబీ, సీఏఐఐబీ పరీక్షలు పూర్తి చేయండి, ప్రమోషన్‌కు పనికొస్తాయి. డేటా అనలిటిక్స్ కూడా నేర్చుకోండి. హెడ్ ఆఫీసు నుంచి "ఈ ఖాతాలు బకాయి పడే అవకాశం ఉంది" అని లిస్టు వచ్చినప్పుడు, ఆ లెక్క ఎలా వచ్చిందో తెలిసి, అందులో ఒక పేరు చూసి "ఈయన కొడుకు వచ్చే నెల మస్కట్ నుంచి డబ్బు పంపుతున్నాడు, ఇబ్బంది లేదు" అనీ, లిస్టులో లేని మరో పేరు చెప్పి "ఈ ఇంట్లో ఆపరేషన్ ఖర్చు పడింది, ముందు వీళ్లతో మాట్లాడాలి" అనీ చెప్పగలిగే మనిషిని ఏ బ్యాంకూ వదులుకోదు. రెండూ తెలిసినవాళ్లు నా సర్వీసులో చాలా తక్కువమంది తగిలారు. మీ వయసుకు ఆ రెండూ నేర్చుకునే వీలుంది.

ఈ వారం మొదలుపెట్టదగ్గ పని ఒకటి చెప్పి ముగిస్తాను. మరణించిన ఖాతాదారుల ఫైళ్లు మీ శాఖలో ఒక బీరువాలో ఉంటాయి. మేనేజర్ గారిని అడిగి, ఈమధ్య సెటిల్ చేసినవి తీసి, ఒక్కో ఖాతా స్టేట్‌మెంట్‌లో 436, 20 కట్ అయ్యాయేమో చూడండి. కట్ అయి ఉండి, బీమా క్లెయిమ్ పంపకపోయి ఉంటే ఆ ఇంటికి ఫోన్ చేయండి. మరణం తర్వాత వీలైనంత త్వరగా క్లెయిమ్ పెట్టాలని నిబంధన, ఆలస్యమైందని మీరే తీర్పు చెప్పి వదిలేయకుండా మేనేజర్ ద్వారా బీమా కంపెనీని అడగండి. మీ శాఖలో తెలుగు క్లెయిమ్ ఫారాలు లేకపోతే జన్ సురక్షా వెబ్‌సైట్‌లో దొరుకుతాయి, పది కాపీలు ప్రింట్ తీసి మీ కౌంటర్ సొరుగులో పెట్టుకోండి. ఫారం నింపడంలో ఎక్కడైనా సందేహం వస్తే ఇక్కడే అడగండి, చెప్తాను.